ఉర్దూ ఫర్మానా, తెలుగు పత్రిక, మాదిగ డప్పు: పాలమూరు, నల్లగొండల్లో వార్త ఎవరిది?

తెలంగాణ పత్రికల చరిత్ర అనగానే మనకు ఒకే కథ చెబుతారు. నిజాం రాజ్యంలో ఉర్దూ అధికారం చెలాయించింది, తెలుగు అణగారిపోయింది, కొందరు పట్టుదల గల మనుషులు సొంత డబ్బు పెట్టి తెలుగు పత్రికలు నడిపి భాషను నిలబెట్టారు. ఈ కథలో అబద్ధం లేదు. ఆ పత్రికలు పెట్టినవాళ్లు నిజంగానే కష్టపడ్డారు, నష్టపోయారు. అయితే కథ మొత్తాన్ని రెండు భాషల కొట్లాటగా చెప్పడంతో ఆ రెండు భాషల మధ్య నిలబడి వార్తను ఊరు ఊరంతా మోసిన మనిషి కనపడకుండా పోయాడు. అతని చేతిలో కలం లేదు, డప్పు ఉంది.

ముందు ఆ రోజుల్లో వార్త ఎట్లా నడిచేదో చూద్దాం. హైదరాబాద్ సంస్థానంలో 1884 దాకా పాలనా భాష ఫార్సీ, ఆ తర్వాత ఉర్దూ. సంస్థానంలో దాదాపు సగం మందిది తెలుగు, పావు వంతు మందిది మరాఠీ, కర్ణాటకం వైపు కన్నడం. ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవాళ్లు ఇంచుమించు పదో వంతు. అయినా కచేరీ, తహశీలు, పోలీసు, మున్సిఫు కోర్టు అన్నీ ఉర్దూలోనే. నల్లగొండ జిల్లాలో ఒక పల్లెకు సర్కారు హుకుం రావాలంటే అది ఉర్దూలో తాలూకా కచేరీ నుంచి బయలుదేరి పట్వారీ చేతికి వచ్చేది. పట్వారీ, మాలీ పటేలు, పోలీసు పటేలు దాన్ని చదివి లేదా చదివించుకుని, తమకు కావలసినంత అర్థం చేసుకుని, తమకు కావలసినట్టు తెలుగులో చెప్పేవాళ్లు. అప్పుడు మాదిగ డప్పు తీసుకుని బయలుదేరి వీధి వీధిలో ఆగి చాటేవాడు. అదే దండోరా.

అంటే ఊరికి అసలు పత్రిక డప్పే. చదువు వచ్చినవాళ్లు నూటికి ఐదుగురైనా లేని రాజ్యంలో అంతకు మించిన మాధ్యమం మరొకటి లేదు. శిస్తు కట్టే గడువు, దొర వస్తున్నాడన్న కబురు, పశువుల రోగం, జాతర తేదీ, వేలం పాట, అన్నీ ఆ డప్పు మీదుగానే జనానికి చేరేవి. కానీ చాటినవాడికి ఆ వార్త మీద ఏ హక్కూ లేదు. అతను ఏం చాటాలో వేరేవాళ్లు చెబుతారు. ఆ చాటింపుకు కూలీ లేదు, అది వెట్టి. తన వాడలో జరిగినదాన్ని, తన బిడ్డ మీద జరిగినదాన్ని అదే డప్పు మీద అతను చాటలేడు. రెండు భాషల రాజ్యంలో సర్కారు మాటను చివరి గడప దాకా తీసుకెళ్లిన అనువాదకుడు అతనే, మాట లేనివాడూ అతనే. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగల రిజర్వేషన్ ఉద్యమానికి 'దండోరా' అన్న పేరు ఎందుకు అంత బలంగా అతుక్కుందో ఈ చరిత్ర తెలిస్తే అర్థమవుతుంది. పరాయి మాట చాటిన పరికరంతోనే సొంత మాట చాటడం అది.

నీలగిరి, హితబోధిని, గోలకొండ

ఇక అచ్చు కాగితం సంగతి. మన ప్రాంతంలో పత్రికలు పుట్టింది హైదరాబాద్ నగరంలోనే అనుకునేవాళ్లు చాలామంది. 1880లలో 'సేద్యచంద్రిక' అనే వ్యవసాయ పత్రిక వెలువడింది. అది ఉర్దూ పత్రికకు తెలుగు రూపం. తెలంగాణలో తెలుగు అచ్చు పత్రిక పుట్టుకే అనువాదంగా జరిగిందన్నమాట. ఆ తర్వాత చెప్పుకోదగ్గ తొలి ప్రయత్నం పాలమూరుది. 1913లో మహబూబ్‌నగర్ నుంచి బండారు శ్రీనివాసశర్మ 'హితబోధిని' మాసపత్రికను తెచ్చారు. అది ఎక్కువ కాలం నడవలేదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపూర్ సంస్థానాలున్న జిల్లా అది. కవులకు సన్మానాలు, శతకాలకు బహుమానాలు ఉన్నాయి గానీ, నెల నెలా చందా కట్టి పత్రిక కొనే పాఠకుడు అప్పటికి తయారు కాలేదు.

1922 ఆగస్టులో ఒకే వారంలో రెండు పత్రికలు వచ్చాయి. నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామ నరసింహారావు సంపాదకత్వంలో 'నీలగిరి పత్రిక', వరంగల్ జిల్లా ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరుల 'తెనుగు పత్రిక'. రెండూ వారపత్రికలే. అంతకు ఏడాది ముందు, 1921 నవంబరులో, హైదరాబాద్ వివేకవర్ధని థియేటర్‌లో జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలిచేశారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది, ఆ ఊపులోనే ఈ పత్రికలూ వచ్చాయి. ఒక చిన్న మాట. నల్లగొండలో తెలుగు కోసం పత్రిక పెట్టిన మనిషి ఇంటిపేరే ఫార్సీ నుంచి వచ్చింది. నవీసు అంటే రాసేవాడు. రాత అప్పటికే కొన్ని ఇళ్ల వంశపారంపర్యపు ఆస్తి అని ఆ ఇంటిపేరే చెబుతుంది. కరణీకం చేసిన, కచేరీల్లో పనిచేసిన కుటుంబాలే ఉర్దూలోనూ రాశాయి, తెలుగులోనూ రాశాయి. భాష మారినా రాసే కులాలు మారలేదు.

పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926 మే 10న హైదరాబాద్ నుంచి 'గోలకొండ పత్రిక' మొదలుపెట్టారు. ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా ఇటిక్యాలపాడు ఆయన ఊరు. వారానికి రెండుసార్లు వచ్చే ఆ పత్రిక రెండు దశాబ్దాలకు పైగా తెలంగాణ చదువరులను తయారు చేసింది. అధికారుల దౌర్జన్యం గురించి, వెట్టి గురించి, బడుల కరువు గురించి నిజాం ఆంక్షల మధ్యే రాసింది. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో 1934లో తెచ్చిన 'గోలకొండ కవుల సంచిక' గురించి ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. కానీ ఆ పత్రికకు చందాదారులు ఎవరు, వార్తలు పంపింది ఎవరు, నిలబెట్టిన వలయం ఏది అని అడగడం తప్పు కాదు. సురవరం హైదరాబాద్‌లోని రెడ్డి హాస్టల్‌కు కార్యదర్శిగా పనిచేశారు. 1918లో ఆ హాస్టల్ స్థాపనకు ముందు నిలిచిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి తర్వాత నగర కొత్వాల్ అయ్యారు, ఆయనదీ పాలమూరే. చదువు, హాస్టల్, పత్రిక, మహాసభ ఇవన్నీ ఒకదానికొకటి ఆసరాగా ఎదిగాయి. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు సురవరమే.

నా ఉద్దేశం సురవరాన్ని తక్కువ చేయడం కాదు. భూమి, అధికారం, బంధుత్వం ఉన్న కులాలకు పత్రిక పెట్టడం కష్టమే అయినా సాధ్యమైంది. వాళ్లకు ఒక హాస్టల్ ఉంది, ఆ హాస్టల్‌లో చదివి వకీళ్లయినవాళ్లు చందాలు కట్టారు, ఊళ్లో ఉన్న బంధువులు వార్తలు పంపారు. ఆ ఆసరాలేవీ లేని కులాలు అదే పని చేయాలంటే ఎంత పోగు చేసుకోవాలి? ఈ ప్రశ్నకు జవాబు అదే నగరంలో, అవే సంవత్సరాల్లో ఉంది.

ఇసామియా బజారు నుంచి ఒక పత్రిక

మాదరి భాగయ్య, అంటే భాగ్యరెడ్డి వర్మ, 1888లో హైదరాబాద్‌లో పుట్టారు. 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మాన్య సంఘం పెట్టారు. 1910లో ఇసామియా బజారులో దళిత పిల్లల కోసం బడి మొదలుపెట్టారు. 1933 నాటికి అలాంటి బడులు 26 అయ్యాయి, చదివే పిల్లలు దాదాపు 2500 మంది. ఆ బడుల్లో చదువు తెలుగులో సాగింది. ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం నడుస్తున్న నగరంలో, తెలుగు కోసం సభలు పెట్టిన పెద్దలు తమ పిల్లల కోసం హాస్టళ్లు కట్టుకుంటున్న కాలంలో, వాడల్లో తెలుగు బడులు పెట్టింది ఈయన. తెలుగు భాషా సేవ చేసినవాళ్ల జాబితాల్లో ఆయన పేరు ఎందుకు ఆలస్యంగా చేరిందో, కొన్నిటిలో ఇంకా ఎందుకు చేరలేదో పాఠకులే ఆలోచించుకోవచ్చు.

1917 నవంబరులో బెజవాడలో జరిగిన సభకు ఆయనే అధ్యక్షుడు. పంచముల సభగా తలపెట్టిన దాన్ని ఆది ఆంధ్రుల సభగా మార్చిన సందర్భం అది. అక్కడ జరిగింది ప్రధానంగా పేరు మార్పు. మనల్ని ఇతరులు పిలిచే పేరు వదిలి మనం పెట్టుకున్న పేరుతో పిలిపించుకోవడం. 1931 జనగణనలో హైదరాబాద్ సంస్థానం 'ఆది హిందూ' అన్న పేరును ఒప్పుకోవడం వెనుక ఆయన చేసిన ఒత్తిడి ఉంది. పేరు ఎవరు పెడతారన్న ఈ పోరాటమే పత్రికలోకి వచ్చింది. 1931లో ఆయన 'భాగ్యనగర్ పత్రిక' మొదలుపెట్టారు. పక్షపత్రిక అది. 1937లో దాని పేరు 'ఆది హిందూ'గా మారింది. నగరం పేరు వదిలి జాతి పేరు పెట్టుకుంది. 1939 ఫిబ్రవరిలో ఆయన చనిపోయారు.

ఆ పత్రికలో 1931లో ఆయన రాసిన 'వెట్టి మాదిగ' అనే కథ అచ్చయింది. తెలుగులో తొలి దళిత కథగా సాహిత్య చరిత్రకారులు ఇప్పుడు దాన్ని గుర్తిస్తున్నారు. దశాబ్దాల పాటు ఆ కథ ఎవరికీ తెలియదు. పత్రికల పాత సంచికలు వెతికిన సంగిశెట్టి శ్రీనివాస్ వంటి పరిశోధకుల శ్రమ వల్లే అది మళ్లీ బయటికి వచ్చింది. నాకు ఆ కథ కన్నా ఆ శీర్షిక ముఖ్యంగా కనిపిస్తుంది. ఆంధ్ర జనసంఘం, ఆంధ్ర మహాసభ కూడా వెట్టి మీద తీర్మానాలు చేశాయి, కరపత్రాలు వేశాయి. కానీ వాటిలో వెట్టి తరచుగా సర్కారు అధికారులు ఊరి మీద మోపే భారం. కోమట్ల నుంచి ఉచితంగా తీసుకునే సరుకు, కుమ్మరి నుంచి తీసుకునే కుండ, చాకలి చేత ఉతికించుకునే బట్ట, మాదిగ చేత మోయించే మూట అన్నీ ఒకే పేరు కిందికి వచ్చేవి. అది ప్రజలందరి బాధ, ఎదురుగా ఉన్నది నిజాం అధికారి. 'వెట్టి మాదిగ' అన్నప్పుడు మాట మారిపోతుంది. వెట్టికి ఒక కులం ఉందని తేలుతుంది. మూట మోయించేవాడు తహశీల్దారు ఒక్కడే కాదు, అతని బస ఏర్పాటు చేసే పటేలు, పట్వారీ కూడానని తేలుతుంది. తెలుగు పత్రిక చదివే చందాదారుల్లో ఆ పటేళ్లు, పట్వారీలు ఉన్నారు. తన చందాదారుని గురించి ఏ పత్రికైనా ఎంత దూరం రాస్తుంది?

ఇది హైదరాబాద్‌కే పరిమితం కాదు. మరాఠీలో డాక్టర్ అంబేడ్కర్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' తెచ్చారు. కొల్హాపూర్ పాలకుడు శాహూ మహారాజ్ ఇచ్చిన 2500 రూపాయల సాయంతో అది మొదలైంది. డబ్బిస్తామన్నా ఆ పత్రిక ప్రకటనను 'కేసరి' వేసుకోలేదని అంబేడ్కర్ తర్వాత చెప్పుకున్నారు. 1927లో 'బహిష్కృత భారత్', 1930లో 'జనతా' వచ్చాయి. ప్రతి పత్రిక వెనుకా అప్పులు, చందా బాకీలు ఉన్నాయి. భాగ్యరెడ్డి వర్మ పత్రికను ఈ వరుసలో చూడాలి గానీ, 'గోలకొండ' పక్కన ఒక చిన్న అధోసూచికగా కాదు.

ఉర్దూలో రాసినవాళ్లు

ఉర్దూ పత్రిక అంటే నిజాం పత్రిక అనుకోవడం మరో పొరపాటు. షాద్‌నగర్ ప్రాంతంతో బలమైన సంబంధం ఉన్న మందుముల నరసింగరావు 1927లో ఉర్దూలో 'రయ్యత్' పెట్టి ప్రభుత్వాన్ని విమర్శించారు, నిషేధం ఎదుర్కొన్నారు. అందులో పనిచేసిన షోయబుల్లాఖాన్ 1947 నవంబరులో 'ఇమ్రోజ్' దినపత్రిక మొదలుపెట్టారు. దానికి అండగా నిలిచినవాళ్లలో పాలమూరుకు చెందిన బూర్గుల రామకృష్ణారావు ఒకరు. రజాకార్ల మీద రాసినందుకు 1948 ఆగస్టు 21 రాత్రి కాచిగూడలో షోయబ్ మీద దాడి చేసి చెయ్యి నరికారు, తెల్లవారేసరికి ఆయన చనిపోయారు. ఆయనకు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. మరోవైపు 1940లలో 'మీజాన్' అనే పత్రిక ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు మూడింటిలోనూ ఒకే యాజమాన్యం కింద వచ్చింది. తెలుగు 'మీజాన్'కు అడివి బాపిరాజు సంపాదకుడు. ఒకే యజమాని మూడు భాషల్లో మూడు రకాల పాఠకుల కోసం పత్రిక నడపడం ఈనాటి మీడియా సంస్థలు కనిపెట్టింది కాదు.

కాబట్టి ఉర్దూ పాలకుల భాష, తెలుగు పాలితుల భాష అన్న విభజన ఒక దశలో పనికొచ్చినా పత్రికల విషయంలో నిలబడదు. పాలితుల పక్షాన ఉర్దూలో రాసి ప్రాణం ఇచ్చినవాడున్నాడు. పాలకులకు దగ్గరగా ఉంటూ తెలుగులో రాసినవాళ్లున్నారు. ఏ పత్రికనైనా ముందు అడగాల్సింది దాని భాష ఏమిటని కాదు. యజమాని ఎవరు, చందా ఎవరు కడతారు, వార్త ఎవరు పంపుతారు, ఎవరి మీద రాయదు అని అడగాలి.

మారిషస్ ఏం చూపిస్తుంది

ఈ ప్రశ్నలను మరింత స్పష్టంగా చూడడానికి హిందూ మహాసముద్రంలోని ఒక ఆఫ్రికా ద్వీపం పనికొస్తుంది. మారిషస్ 1810 దాకా ఫ్రెంచి వలస, ఆ తర్వాత బ్రిటిష్ వలస. బ్రిటిష్ వాళ్లు పాలన ఇంగ్లీషులో నడిపినా, తోటల యజమానులు, చదువుకున్నవాళ్లు ఫ్రెంచిని వదల్లేదు. ఈనాటికీ అక్కడి పార్లమెంటు అధికార భాష ఇంగ్లీషు, సభ్యులు ఫ్రెంచిలోనూ మాట్లాడవచ్చు. ప్రధాన దినపత్రికలు ఎక్కువగా ఫ్రెంచివి. రెండు భాషల దేశం అని బయటికి పేరు. ఇంట్లో, పొలంలో, బజారులో జనం మాట్లాడేది మాత్రం క్రియోల్.

ఆ దేశంలో 1832లో అడ్రియన్ దెపినే 'ల సెర్నేయెన్' అనే పత్రిక పెట్టారు. పత్రికా స్వేచ్ఛ కోసం ఆయన లండన్ ప్రభుత్వంతో పోరాడి సాధించారు. పాఠ్యపుస్తకంలో ఇంతవరకే రాస్తే గొప్ప పత్రికా యోధుడు అనుకుంటాం. కానీ ఆ స్వేచ్ఛ ఎందుకు కావాల్సి వచ్చింది? ఆయన బానిసల యజమానుల ప్రతినిధి. బానిసత్వ రద్దు యజమానులను నాశనం చేస్తుందని, రద్దు చేస్తే తమకు పరిహారం ఇవ్వాలని వాదించడానికే ఆ పత్రిక పనిచేసింది. 1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. పరిహారం యజమానులకు దక్కింది, ఇంచుమించు 20 లక్షల పౌండ్లు. బానిసలుగా బతికినవాళ్లకు ఒక్క పౌండు రాలేదు. పత్రికా స్వేచ్ఛ, మనిషి స్వేచ్ఛ ఒకటే వస్తువు కాదని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు కనపడలేదు.

దానికి ఎదురుగా 1843లో రెమి ఒల్లియే 'ల సాంతినెల్' పెట్టారు. తెల్ల యజమానుల పత్రికల్లో చోటు లేని మిశ్రమ జాతి ప్రజల హక్కుల కోసం వచ్చిన పత్రిక అది. ఆయన రాసింది కూడా ఫ్రెంచిలోనే. యజమానుల భాషనే తీసుకుని యజమానుల మీద రాశారు. బానిసత్వం పోయాక చెరకు తోటల్లోకి మన దేశం నుంచి నాలుగున్నర లక్షల మంది ఒప్పంద కూలీలను తీసుకెళ్లారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగువాళ్లు వాళ్లలో ఉన్నారు. ఆ రేవు పేరుతోనే వాళ్లను అక్కడ పిలిచారు. ఈ కూలీల కోసం 1909లో మణిలాల్ డాక్టర్ 'హిందుస్తానీ' అనే పత్రిక పెట్టేదాకా ఇంగ్లీషు, ఫ్రెంచి పత్రికల్లో కూలీ అంటే ఒక సమస్య, ఒక లెక్క. పారిపోయిన కూలీ, రోగం తెచ్చిన కూలీ, తోటకు ఇంకా ఎంతమంది కావాలన్న కూలీ. ఇంగ్లీషా, ఫ్రెంచా అన్న వాదం ఆ దీవిలో నూరేళ్లు నడిచింది. కూలీల భోజ్‌పురి, తెలుగు, తమిళం, పాత బానిసల క్రియోల్ ఆ వాదంలో లెక్కకు రాలేదు. బడుల్లో క్రియోల్‌ను ఒక ఐచ్ఛిక పాఠంగా పెట్టింది 2012లో.

ఉర్దూనా, తెలుగా అన్న వాదంలో డప్పు కొట్టినవాడి స్థానం కూడా అదే. అక్కడ జాతి, ఇక్కడ కులం. రెండూ ఒకటే అని నేననను. బానిసత్వానికి రద్దయిన తేదీ ఒకటి ఉంది. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేశాక కూడా దాని మీద కేసులు పెడుతూనే ఉన్నాం.

జిల్లా ఎడిషన్ వచ్చాక

1956 తర్వాత ఉర్దూ, తెలుగు కొట్లాట సద్దుమణిగింది. 1974లో విశాఖపట్నం నుంచి 'ఈనాడు' వచ్చింది, 1989 నుంచి జిల్లా అనుబంధాలు వచ్చాయి. వాటితో నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలు తొలిసారి రోజూ అచ్చులో కనపడ్డాయి. ఇది చిన్న మార్పు కాదు. ఫ్లోరైడ్ నీళ్లతో వంకరపోయిన కాళ్లు, ముంబై, పుణె వెళ్లే పాలమూరు వలస బస్సులు, జోగినీ వ్యవస్థ, ఇవి హైదరాబాద్ సంపాదకుల బల్ల మీదికి వచ్చింది మండల విలేకరుల వల్లే. ఆ విలేకరుల్లో మన వాడల నుంచి వచ్చిన యువకులూ ఉన్నారు.

కానీ వాళ్లు ఏ షరతుల మీద పనిచేస్తున్నారో చూడండి. మండల కంట్రిబ్యూటర్‌కు చాలాచోట్ల జీతం లేదు. అచ్చయిన వార్తను బట్టి లైన్ అకౌంట్ ఇస్తారు, అది బండి పెట్రోలుకూ చాలదు. దానికి తోడు ఆగస్టు 15కు, దసరాకు, ఎమ్మెల్యే పుట్టినరోజుకు ప్రకటనలు తెచ్చే లక్ష్యం ఉంటుంది. ఆ ప్రకటనలు ఎవరిస్తారు? సర్పంచ్, రియల్ ఎస్టేట్ వ్యాపారి, రైసు మిల్లు యజమాని, ప్రైవేటు బడి యజమాని. వాడ మీద దాడి జరిగినప్పుడు నిందితుల జాబితాలో వాళ్లో వాళ్ల బంధువులో ఉంటే, ప్రకటన తెచ్చే విలేకరి ఆ వార్తను ఎంత ధైర్యంగా రాయగలడు? విలేకరి మంచివాడా చెడ్డవాడా అన్నది ఇక్కడ అసలు విషయమే కాదు. పటేలు చెప్పిన మాటే చాటాల్సి వచ్చిన మనిషికి, ప్రకటనదారుకు నొప్పి కలగని మాటే రాయాల్సి వచ్చిన మనిషికి మధ్య పోలికను నేను కావాలనే తెస్తున్నాను.

పై అంతస్తు సంగతి లెక్కల్లో ఉంది. 1996లో ఢిల్లీలో ఒక అమెరికన్ పత్రిక విలేకరి, ఆయన నల్లజాతి మనిషి, తనకు ఒక దళిత జర్నలిస్టును పరిచయం చేయమని సీనియర్ పాత్రికేయుడు బి.ఎన్. ఉనియాల్‌ను అడిగారు. ఉనియాల్ ప్రభుత్వ గుర్తింపు పొందిన 686 మంది విలేకరుల జాబితా వెతికారు. 454 మంది పేర్లలోనే అగ్రకులం తెలిసిపోతోంది. మిగిలిన వాళ్లలో 47 మందికి ఫోన్ చేస్తే ఒక్కరూ దళితులు కారు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన సర్వేలో మీడియా సంస్థల 121 నాయకత్వ స్థానాల్లో 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు.

భాష మీద దీని ప్రభావం రోజూ కనపడుతుంది. వాడ మీదికి పది మంది వచ్చి కొడితే 'ఇరువర్గాల ఘర్షణ' అవుతుంది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్యతో ఆస్పత్రి నుంచి బయటికి వస్తున్న దళిత యువకుణ్ని నరికి చంపినప్పుడు చాలా పత్రికలు వాడిన మాట 'పరువు హత్య'. పరువు ఎవరిది? చంపించినవాడిది. హంతకుడి కారణాన్ని వార్త తన సొంత మాటగా చేసుకుందన్నమాట. 'కుల దురహంకార హత్య' అని రాయాలని దళిత సంఘాలు పట్టుబట్టడం వెనుక ఉన్నది ఇదే. భాగ్యరెడ్డి వర్మ 'పంచమ' అన్న మాటను తీసేయించినప్పటి పట్టుదలా ఇదే. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఆ రోజు వార్తల్లోనూ 'పరువు' అన్న మాట పోలేదు.

మాటతో పాటు కేసు కూడా మారుతుంది, ఇది కార్యకర్తలు ప్రత్యేకంగా గమనించాలి. 1989 అత్యాచార నిరోధక చట్టం కింద కేసు నమోదైతే దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి, బాధితులకు పరిహారం దశలవారీగా ఇవ్వాలి. తొలి రోజు పత్రికలో 'ఘర్షణ' అని వస్తే, అటువైపు వాళ్లు ఎదురు కేసు పెట్టడానికి అది ఆధారంగా మారుతుంది, రాజీకి ఒత్తిడి మొదలవుతుంది. అందుకే సంఘటన జరిగిన రోజే బాధితుల పక్షం నుంచి తేదీ, సమయం, చోటు, అన్న మాటలు ఉన్న ప్రకటన విలేకరులకు అందించడం, వచ్చిన ప్రతి క్లిప్పింగు దాచడం కేసులో భాగమే.

మన సొంత అచ్చు ప్రయత్నాలు ఆగలేదు. కారంచేడు తర్వాత, 1989లో బొజ్జా తారకం సంపాదకత్వంలో వచ్చిన 'నలుపు' దళిత బహుజన చర్చకు ఒక వేదికైంది. 1991 ఆగస్టు 6న చుండూరు జరిగినప్పుడు రాయడానికి మనకు ఒక చోటు ఉంది. అటువంటివి కొన్నేళ్లు నడిచి ఆగిపోతాయి. ప్రకటనలు రావు, చందాలు ఆగుతాయి, నడిపేవాళ్లకు కేసులుంటాయి, ఉద్యోగాలుంటాయి. ఆగిపోయాయి కాబట్టి ఓడిపోయాయి అనడం నాకు సరిగా తోచదు. 'నీలగిరి', 'హితబోధిని' కూడా ఆగిపోయినవే. వాటిని ఎవరూ ఓటమి అనరు, ఆద్యులు అంటారు.

ఇప్పుడు విద్యార్థులకు ఒక పని మాట. 'గోలకొండ పత్రిక' సంచికలు నగరంలోని పాత గ్రంథాలయాల్లో గానీ డిజిటల్ భాండాగారాల్లో గానీ చాలావరకు దొరుకుతాయి. 'భాగ్యనగర్', 'ఆది హిందూ' సంచికల కోసం మాత్రం వాడల్లోని పాత కుటుంబాల పెట్టెలు కూడా వెతకాలి. ఎవరి తాతైనా ఆది హిందూ బడిలో చదివి ఉంటే ఆ ఇంట్లో ఒక కాగితం మిగిలి ఉండవచ్చు. ఇంకొకటి, ఉర్దూ లిపి. నిజాం కాలపు కచేరీ కాగితాల్లో మన పూర్వీకులు పెట్టుకున్న అర్జీలు, వాళ్ల మీద పెట్టిన కేసులు, వెట్టి ఫిర్యాదులు ఉర్దూలో ఉన్నాయి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అవి చదవాలంటే ఆ లిపి రావాలి. 2017 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష. అయినా మన పరిశోధక విద్యార్థుల్లో దాన్ని చదవగలిగినవాళ్లు అరుదు. మూడు నెలలు కూర్చుంటే లిపి పట్టుబడుతుంది. కచేరీ రాత, అంటే గొలుసు దస్తూరీ, పట్టుబడడానికి ఇంకో ఏడాది. నేను రెండో ఏడాదిలో ఉన్నాను. ఇప్పటికి పేరు, ఊరు, కులం ఉన్న మొదటి వరుస తడుముకోకుండా చదవగలుగుతున్నాను.